జర్మనీ సంఘం, మద్రాసు రిజిస్ట్రారు, చెన్నేకొత్తపల్లి రైతు: విధానాలు ఒకే పోలికకు ఎలా వస్తాయి?

శ్రీ సత్యసాయి జిల్లా చెన్నేకొత్తపల్లి మండలంలో ధరణి అనే రైతుల సహకార సంఘం ఉంది. కొర్ర, సామ, రాగి, వేరుశనగ వంటి పంటల్ని రసాయన ఎరువులు, పురుగుమందులు లేకుండా పండించే మెట్ట రైతులే దాని సభ్యులు, యజమానులు కూడా. 1990లో బబ్లూ గంగూలీ, మేరీ వట్టమట్టం మరికొందరితో కలిసి మొదలుపెట్టిన టింబక్టు కలెక్టివ్ అండతో ఇది 2008లో ఏర్పడింది. సంఘం పెట్టుకోవడానికి ఒక చట్టం, పండిన గింజను ‘సేంద్రియం’ అని చెప్పుకోవడానికి ఇంకొన్ని నియమాలు. మొదటిదాని వేళ్లు పందొమ్మిదో శతాబ్దపు జర్మనీ పల్లెల్లో ఉన్నాయి. రెండోదాని వెంట వెళ్తే బ్రస్సెల్స్, బ్రెజిల్ తగులుతాయి.

ఒకదానితో ఒకటి పొంతనలేని దేశాల్లో ఒకే పోలిక చట్టాలు ఎందుకు పుడతాయన్నది రాజనీతి శాస్త్రంలో పెద్ద చర్చ. 1991లో కోలిన్ బెన్నెట్, 2005లో కాథరీనా హోల్ట్సింగర్, క్రిస్టోఫ్ క్నిల్ దీనికి కారణాలు వర్గీకరించారు. బలవంతుడు రుద్దడం, అంతర్జాతీయ ఒప్పందాలు, మార్కెట్ల పోటీ, ఒకరిని చూసి ఒకరు నేర్చుకోవడం, ఒకే రకమైన కష్టానికి ఎవరికి వారే ఒకే మందు కనుక్కోవడం. ఈ జాబితా ఉపయోగకరమైనదే. అయితే ఒక విధానం ఊరు దాటేటప్పుడు దానిలో ఏ భాగం ప్రయాణిస్తుంది, ఏ భాగం వెనకబడిపోతుంది అన్న ప్రశ్నకు ఇది జవాబివ్వదు. సహకార చట్టం కథలో ఆ జవాబు దొరుకుతుంది.

1876–78 కరవు మద్రాసు రాజధానిని, అందులోనూ సీమ జిల్లాల్ని కుంగదీసింది. రైతు మెడకు పడ్డ వడ్డీ ఉరిని విప్పే దారి వెతకమని మద్రాసు ప్రభుత్వం 1892లో ఫ్రెడరిక్ నికల్సన్ అనే ఐసీఎస్ అధికారికి పని అప్పగించింది. ఆయన యూరప్ గ్రామీణ పరపతి సంఘాల్ని పరిశీలించి 1895, 1897లలో రెండు సంపుటాల నివేదిక ఇచ్చాడు. ఆయనను ఆకట్టుకున్న మనిషి ఫ్రీడ్రిష్ విల్హెల్మ్ రైఫైజన్. 1846–47 కరవులో తన ఊరి పేదలకు రొట్టె అందించే ఏర్పాటు చేసిన ఈ జర్మన్ గ్రామాధికారి, 1864లో హెడెస్‌డోర్ఫ్‌లో పరపతి సంఘం నెలకొల్పాడు. ఒకే ఊరివాళ్లు, ఒకరి అప్పుకు అందరూ పూచీ, పెత్తనం సభ్యులదే. రైఫైజన్ లాంటి మనిషి ప్రతి ఊరికీ దొరికితే తప్ప ఈ పని సాగదన్నది నికల్సన్ నివేదిక సారం.

1904లో భారత సహకార పరపతి సంఘాల చట్టం వచ్చింది. ఒకే ఊరికి చెందిన పదిమంది చేరితే సంఘం పెట్టుకోవచ్చు, పల్లె సంఘాల్లో సభ్యులందరిదీ అపరిమిత పూచీ. ఇక్కడిదాకా రైఫైజన్ పోలికే. కానీ జర్మనీలో లేని ఒక మనిషి ఈ చట్టంలో నడిమధ్యన కూర్చున్నాడు. ఆయనే రిజిస్ట్రారు. జర్మనీ 1889 చట్టం సంఘాల లెక్కల తనిఖీని ప్రధానంగా సంఘాల సమాఖ్యలకే అప్పగించగా, ఇక్కడ ఆ బాధ్యత ప్రభుత్వ అధికారికి పోయింది. సంఘాన్ని నమోదు చేసేదీ, లెక్కలు తనిఖీ చేయించేదీ, అవసరమైతే మూసేసేదీ ఆయనే.

ఆ తర్వాత ప్రపంచం చుట్టింది ఈ కలుపుకున్న భాగమే. 1911లో సిలోన్‌లో ఇలాంటి చట్టం వచ్చింది. 1946లో లండన్‌లోని వలసల శాఖ ఒక నమూనా సహకార చట్టం తయారుచేసి వలస దేశాలన్నిటికీ పంపింది. ఆఫ్రికాలోనూ ఆసియాలోనూ ఎన్నో దేశాల సహకార చట్టాలు అన్నదమ్ముల్లా కనిపించడానికి కారణం ఇదే. రైఫైజన్ స్ఫూర్తికి ఊరూరా మనుషులు కావాలి, రిజిస్ట్రారుకైతే ఒక ఆఫీసు చాలు. అందుకే పల్లె సంఘం కన్నా దాని మీది అధికారం తేలిగ్గా ఓడెక్కింది.

స్వాతంత్ర్యం వచ్చాక కూడా రిజిస్ట్రారు కుర్చీ బలం తగ్గలేదు, పెరిగింది. 1964 ఆంధ్రప్రదేశ్ సహకార సంఘాల చట్టం కింద ప్రభుత్వం వాటా ధనం పెట్టింది, పాలకవర్గాల్ని రద్దుచేసి పర్సన్ ఇన్‌చార్జిలను వేసింది. సంఘం మాది అని సభ్యుడు అనుకునే అలవాటే పోయింది. ఈ నష్టం ఏ లెక్కల పుస్తకానికీ ఎక్కదు.

మలుపు హైదరాబాద్‌లోనే వచ్చింది. కోఆపరేటివ్ డెవలప్‌మెంట్ ఫౌండేషన్ అనే సంస్థ ఏళ్ల తరబడి వాదించిన మీదట 1995లో పరస్పర సహాయ సహకార సంఘాల చట్టం వచ్చింది. వాడుకలో దీన్నే ‘మాక్స్’ చట్టం అంటారు. ప్రభుత్వ వాటా లేదు, నియమావళి సభ్యులదే, రిజిస్ట్రారు చేతులు చాలావరకు కట్టేశారు. అదే ఏడాది మాంచెస్టర్‌లో అంతర్జాతీయ సహకార సమాఖ్య తన సూత్రాల్లో స్వయంప్రతిపత్తిని స్పష్టంగా చేర్చింది. దాదాపు వంద ఏళ్ల తర్వాత చట్టం తిరిగి రైఫైజన్ వైపు నడిచిందనడంలో అతిశయం లేదు. ఆ తర్వాత బిహార్, కర్ణాటక, మధ్యప్రదేశ్, ఒడిశా సహా పలు రాష్ట్రాలు ఇలాంటి చట్టాలు చేసుకున్నాయి. ఏ కేంద్ర శాసనమూ వాళ్లను నిర్బంధించలేదు.

సంఘాల స్వయంప్రతిపత్తిని పైనుంచి రాజ్యాంగంలో రాసిపెట్టాలని 2011లో 97వ సవరణ తెచ్చారు. సగం రాష్ట్రాల ఆమోదం తీసుకోలేదన్న కారణంతో 2021 జూలైలో సుప్రీంకోర్టు రాష్ట్ర సంఘాలకు సంబంధించినంతవరకు దాన్ని కొట్టేసింది. చూసి నేర్చుకున్నది పాకింది, పైనుంచి దింపింది నిలబడలేదు.

చూసి నేర్చుకోవడం అంటే నివేదికలు చదవడమే కాదు. ప్రపంచ బ్యాంకు సాయంతో నడిచిన ‘వెలుగు’ కార్యక్రమంలో పొదుపు సంఘాల ఆడవాళ్లు మాక్స్ చట్టం కింద సమాఖ్యలు కట్టుకున్నారు. వాళ్లలో అనుభవజ్ఞులు రైలెక్కి బిహార్ పల్లెలకు వెళ్లి, భాష రాకపోయినా, అక్కడి ఆడవాళ్ల చేత పొదుపు పుస్తకాలు రాయించారు. 2011లో మొదలైన జాతీయ గ్రామీణ జీవనోపాధుల మిషన్‌కు ఈ అనుభవం పునాదుల్లో ఒకటి. విధానాల వలస గురించి రాసే పండితులు మంత్రుల్ని, నిపుణుల్ని లెక్కిస్తారు. ఈ ఆడవాళ్లనూ లెక్కించాలి.

సేంద్రియ నియమాలది వేరే దారి. యూరప్ 1991లో సేంద్రియ ఆహారానికి చట్టం చేసింది. అక్కడ సరుకు అమ్మాలంటే ఆ కొలతకు తూగాలి. 2001 నుంచి అమలైన భారత జాతీయ సేంద్రియ కార్యక్రమం వెనక ఆ అవసరం ఉంది. 2006లో యూరప్ దాన్ని తమదానికి సమానమని ఒప్పుకుంది. ఎవరూ ఆజ్ఞ ఇవ్వలేదు, మార్కెట్టే ఆజ్ఞ అయింది. అయితే బయటి సంస్థ వచ్చి ఇచ్చే సర్టిఫికెట్ ఖర్చు రెండెకరాల మెట్ట రైతు మోయలేడు. ఇదే బాధ పడ్డ బ్రెజిల్ రైతులు ఒకరి చేను ఒకరు చూసి పూచీపడే పద్ధతి పెంచుకున్నారు. 2004లో బ్రెజిల్‌లోని టోరెస్ పట్టణంలో అనేక దేశాల వాళ్లు కలిసి మాట్లాడుకున్నాక అది ఇతర దేశాలకూ పాకింది. టింబక్టు కూడా ఆ బాట పట్టింది. 2011లో కేంద్రం అదే పద్ధతిలో పీజీఎస్–ఇండియా తెచ్చింది, 2017లో దేశ ఆహార భద్రతా సంస్థ బయటి సర్టిఫికెట్‌నూ, ఈ పరస్పర పూచీనీ రెండింటినీ గుర్తించింది. ఎగుమతికి మాత్రం ఇప్పటికీ బయటి సంస్థ ముద్రే కావాలి.

ఇటీవల రెండు దారులూ ఒకచోట కలిశాయి. యూరప్ 2018లో చేసిన కొత్త సేంద్రియ చట్టం, రైతుల బృందానికి చట్టబద్ధమైన అస్తిత్వం ఉండాలంటోంది. 2025 జనవరిలో విడుదలైన మన జాతీయ కార్యక్రమం కొత్త కూర్పు కూడా అదే కోరింది. సర్టిఫికెట్ కోసమే కాగితం మీద పోగుచేసిన బృందాలు ఇప్పుడు సంఘాలుగా మారడానికి తంటాలు పడాలి. చెన్నేకొత్తపల్లి రైతులు, యూరప్ ఆ నియమం రాయడానికి పదేళ్ల ముందే, 2008లోనే మాక్స్ చట్టం కింద ధరణిని నమోదు చేయించుకున్నారు.