సాకేత్‌లో హృద్రోగి మంచం పక్కన కుటుంబం

దక్షిణ ఢిల్లీలో ఖిడ్కీ, హౌజ్ రాణీ అనే పాత పల్లెలను ఆనుకొని ఢిల్లీ అభివృద్ధి సంస్థ నిర్మించిన సాకేత్, ఈ శతాబ్దపు తొలి దశాబ్దంలో ప్రెస్ ఎన్‌క్లేవ్ మార్గ్‌లో వెలసిన కార్పొరేట్ ఆసుపత్రుల మూలంగా దూరప్రాంతాల హృద్రోగులకు కూడా గమ్యమైంది. నగరంలో ఈ వైద్యానికి పునాది అంతకు అర్ధశతాబ్దం ముందే పడింది. 1954లో లేడీ హార్డింజ్ వైద్య కళాశాలలో గుండె జబ్బుల క్లినిక్‌ను ప్రారంభించిన డాక్టర్ ఎస్. పద్మావతి 1981లో సాకేత్‌కు అనతిదూరంలో నేషనల్ హార్ట్ ఇన్‌స్టిట్యూట్‌ను నెలకొల్పారు.

ఈ చరిత్రలో అతి తక్కువగా నమోదైన పాత్ర రోగి బంధువులది. వైద్యుడు తన బృందంతో ప్రతి మంచం దగ్గరా ఆగి, కేస్‌షీటు చూసి, ఆనాటి చికిత్సను నిర్ణయించడాన్ని రౌండ్స్ అంటారు. ప్రభుత్వ ఆసుపత్రుల్లో రోగికి గంజి తాగించేదీ, మందులు కొనితెచ్చేదీ, రక్తనమూనాను ల్యాబుకు చేర్చేదీ అటెండెంటుగా ఉండే బంధువే అయినా, సరిగ్గా ఆ నిర్ణయం జరిగే వేళకు ఆ మనిషిని వరండాలోకి పంపడం ఆనవాయితీ. ఎడిన్‌బరో వైద్యుడు డెస్మండ్ జూలియన్ 1961లో ప్రతిపాదించగా, 1962లో అమెరికాలోని కాన్సస్ సిటీలో హ్యూస్ డే ఆరంభించిన కరోనరీ కేర్ యూనిట్, అంటే గుండెపోటు వచ్చినవారి గుండె లయను నిరంతరం గమనిస్తూ అది తప్పితే వెంటనే సరిచేసే విభాగం, ఎందరి ప్రాణాలనో నిలిపింది గాని బంధువులను మరింత దూరం జరిపి, కొద్ది నిమిషాల చూపుకే పరిమితం చేసింది.

ఆ కట్టడి వల్ల వైద్యం కూడా నష్టపోయింది. గుండె శరీరానికి కావలసినంత రక్తాన్ని అందించలేని గుండె వైఫల్యంలో వెల్లకిలా పడుకుంటే ఆయాసం వస్తుంది, కాళ్లకు నీరు పడుతుంది. రోగి ఇంట్లో ఎన్ని దిండ్లు ఎత్తు పెట్టుకుంటే నిద్రపోగలిగాడో, చెప్పులు ఎప్పటినుంచి బిగుతయ్యాయో, నీరు తీసే మాత్రను ఎందుకు మానేశాడో, ఊరగాయ వదలగలిగాడో లేదో కేస్‌షీటులో ఉండదు; అవన్నీ భార్యకో కోడలికో తెలుసు. ఐసీయూ రౌండ్స్‌లో పాల్గొనే అవకాశం కుటుంబానికి ఇవ్వాలని అమెరికా క్రిటికల్ కేర్ నిపుణుల మార్గదర్శకాలు 2007లో సూచించాయి. మన దేశంలో నూరా హెల్త్ సంస్థ బెంగళూరులోని నారాయణ హెల్త్ ఆసుపత్రిలో గుండె శస్త్రచికిత్స రోగుల బంధువులకు ఇంటి సంరక్షణలో శిక్షణ ప్రారంభించింది. అది రౌండ్స్‌లో భాగస్వామ్యం కాకపోయినా ఆ దిశలో గట్టి అడుగే.

సాకేత్‌లో రౌండ్స్‌లో బంధువుల భాగస్వామ్యానికి భాష మరో చిక్కు తెచ్చింది. ఆఫ్ఘనిస్థాన్ నుంచి వైద్యానికి వచ్చిన కుటుంబాలు హౌజ్ రాణీ గెస్ట్‌హౌస్‌లలో బస చేయడంతో అక్కడి మందుల దుకాణాల బోర్డుల మీదికి వారి భాష ఎక్కింది, దుబాసీల వృత్తి పెరిగింది. దుబాసీ లేని రౌండ్స్‌లో బంధువు మంచం పక్కనే నిలబడినా అసలు సంభాషణకు వెలుపలే ఉంటాడు.

కుటుంబానికి చోటివ్వడమంటే రోగిని పక్కకు నెట్టడం కాదు. ఢిల్లీలో జరిగిన ఒక శస్త్రచికిత్స వివాదంలో, అత్యవసర పరిస్థితి లేనప్పుడు మత్తులో ఉన్న వయోజన రోగి తరఫున తల్లి ఇచ్చిన అంగీకారం చెల్లదని సుప్రీంకోర్టు 2008లో తీర్పునిచ్చింది. కనుక రోగి అనుమతి అడగడం, రౌండ్స్ వేళను బంధువులకు ముందుగా తెలపడం, అవసరమైతే దుబాసీని ఆ వేళకు రప్పించడం ఆసుపత్రుల కనీస బాధ్యత.