అమ్మ ఎక్కడుందో టీవీ చెప్పలేదు

2015 జులై 14, మంగళవారం. గోదావరి పుష్కరాల మొదటి రోజు. బెంగళూరులో ఆఫీసుకి బయల్దేరబోతూ రూమ్మేట్ పెట్టిన తెలుగు ఛానల్ ముందు ఆగిపోయాను. రాజమండ్రి పుష్కర ఘాట్. మెట్ల మీద విడిచిన చెప్పులు, చేతిసంచులు, ఎవరినో చేతుల మీద ఎత్తుకుని పరిగెడుతున్న పోలీసులు. కింద ఎర్ర పట్టీలో చనిపోయినవాళ్ళ లెక్క పెరుగుతోంది. అమ్మ ముందురోజే అమలాపురం దగ్గర మా ఊరి నుంచి పక్కింటి అత్తయ్యగారితో కలిసి పుష్కర స్నానానికి వెళ్ళింది.

ఫోన్ కలవలేదు. ఛానల్ మాత్రం ఒక చిన్న ముక్కనే తిప్పి తిప్పి వేస్తోంది. అందులో జనం మధ్య ఒకావిడ కింద పడిపోతుంది. ఆకుపచ్చ నేతచీర. అలాంటిది అమ్మకీ ఉంది. మొహం కనపడేలోపు ముక్క అయిపోతుంది, మళ్ళీ మొదలవుతుంది. మధ్యాహ్నం దాకా ఆవిడ ఎన్నిసార్లు పడిపోయిందో లెక్క లేదు. తెర మూలన 'లైవ్' అని ఉంది. అది పొద్దుటి దృశ్యమని నాకు తెలుస్తూనే ఉంది, అయినా ఆ అక్షరాల వల్ల ఈసారేమన్నా వేరేగా జరుగుతుందేమోనన్నట్టు చూస్తూ కూర్చున్నాను.

మూడింటికి ఎవరిదో ఫోన్ నుంచి అమ్మ చేసింది. "ఒరేయ్, మేం కోటిలింగాల రేవు దగ్గరున్నాం, ఏం కాలేదు. నువ్వు టీవీ చూస్తుంటావు కదా, నీకు తెలిసిపోయుంటుందిలే అనుకున్నాను."

నాకేమీ తెలియలేదు. ఆరు గంటలు టీవీ చూసి కూడా, నాకు కావలసిన ఒక్క సంగతీ తెలియలేదు. పెద్ద విషాదాలు మన టెలివిజన్‌ని ఎలా మార్చాయా అని నేను వెతకడం మొదలుపెట్టింది ఆ తర్వాతే.

మొదట దొరికింది మా ఇంట్లోనే. 1984 అక్టోబర్ 31. పొద్దున్న తొమ్మిది దాటాక ఇందిరా గాంధీ మీద కాల్పులు జరిగాయి. ఆవిడ చనిపోయారని ఆకాశవాణి, దూరదర్శన్ అధికారికంగా చెప్పింది సాయంత్రానికి. ఈలోగా బీబీసీ చెప్పేసింది. బెంగాల్ పర్యటనలో ఉన్న రాజీవ్ గాంధీ కూడా ఆ వార్త కోసం బీబీసీ పెట్టుకోవాల్సి వచ్చింది. దేశంలో ఉన్న ఒకే ఒక్క టీవీ సంస్థ ప్రభుత్వానిది, ప్రభుత్వం చెప్పమనేదాకా అది నోరు విప్పదు.

అదే దూరదర్శన్ నవంబర్ 3న అంత్యక్రియల్ని ప్రత్యక్షంగా చూపించింది. అంతకుముందు ఏడాది ఆగస్టులో ఇన్సాట్-1బి ఉపగ్రహం పైకెళ్ళింది. 1984లో కొన్ని నెలల పాటు దాదాపు రోజుకొకటి చొప్పున కొత్త ట్రాన్స్‌మిటర్లు పెట్టుకుంటూ వచ్చారు. అలా అల్లుకున్న వల మీద దేశమంతా ఒకేసారి చూసిన మొదటి పెద్ద చావు అది. టీవీ అంటే ఆటలూ చిత్రలహరీ మాత్రమే కాదు, దేశం కూర్చుని ఏడ్చే చోటు కూడా అన్నది అక్కడ మొదలైంది.

మా ఊళ్ళో అప్పటికి టీవీ లేదు. తాతయ్య రేడియో దగ్గరే ఉండిపోయాడట. ఆయన పెద్దకొడుకు, అంటే మా పెద్దనాన్న, అప్పుడు ఢిల్లీలో గుమాస్తా. ఢిల్లీలో ఏదో జరుగుతోందని పేపర్లో వచ్చింది. కొడుకు ఎలా ఉన్నాడన్నది మాత్రం ఎక్కడా రాదు కదా. పది రోజులకి ఉత్తరం వచ్చింది. అందులో ఒక సంగతిని పెద్దనాన్న చివరిదాకా చెబుతూనే ఉండేవాడు: డాబా ఎక్కితే పొగ కనిపించేది, కిందికొచ్చి టీవీ చూస్తే దండలు కనిపించేవి. ఆ రోజుల్లో ఢిల్లీలో చంపేసిన సిక్కులు అధికారిక లెక్కలోనే 2,733 మంది. తీన్‌మూర్తి భవన్ దగ్గర నుంచి వస్తున్న ప్రసారంలో 'రక్తానికి రక్తం' అన్న నినాదాలు వినిపించాయి గానీ, ఆ నినాదాలు వీధుల్లో చేస్తున్న పని తెర మీదికి రాలేదు.

దూరదర్శన్ ఒక్కటే ఉండటం వల్ల ఇలా జరిగిందనీ, పోటీ వస్తే నిజం బయటికొస్తుందనీ అనుకున్నాం. గాలితరంగాలు ప్రజల ఆస్తి అని సుప్రీంకోర్టు 1995 ఫిబ్రవరిలో చెప్పింది. ఆ ఆగస్టులోనే ఈటీవీ వచ్చింది. మరుసటి ఏడాది, 1996 నవంబర్ 6 రాత్రి, తుఫాను కోనసీమ మీద పడింది. వెయ్యిమందికి పైగా పోయారు. వేటకెళ్ళిన మత్స్యకారులు చాలామంది తిరిగి రాలేదు. కొబ్బరితోటలు కూకటివేళ్ళతో పడిపోయాయి. స్తంభాలు ఒరిగిపోయి మా ఇళ్ళకి రోజుల తరబడి కరెంటు లేదు. కోనసీమ ఎలా ఉందో హైదరాబాద్ వాళ్ళు చూశారు, కోనసీమ వాళ్ళు చూడలేదు. "మా ఊరు టీవీలో వచ్చిందంట" అని మావాళ్ళు చాలా రోజుల తర్వాత విన్నారు, అదీ బంధువులు చెబితే.

ఇరవైనాలుగు గంటల వార్తలు వచ్చాక కథ తిరగబడింది. 2009 సెప్టెంబర్ 2 ఉదయం ముఖ్యమంత్రి రాజశేఖర రెడ్డి హెలికాప్టర్ నల్లమల మీద కనిపించకుండా పోయింది. మర్నాడు పొద్దున్న దాకా ఎవరికీ ఏమీ తెలియదు. అయినా ఛానళ్ళు ఆగడానికి వీల్లేదు. తెలియనిదాన్ని ఇరవైనాలుగు గంటల పాటు చెప్పడం తెలుగు టీవీ ఆ రోజు నేర్చుకుంది. తర్వాత రోజుల్లో, ఆ దిగులుతో చనిపోయారంటూ ఊళ్ళ వారీగా లెక్కలు తెర కింద పరిగెత్తాయి. నాలుగు నెలలకే, ఆ ప్రమాదం వెనక కుట్ర ఉందంటూ ఒక విదేశీ వెబ్‌సైట్ రాసినదాన్ని ఒక ఛానల్ ఎత్తుకుంటే, రాష్ట్రమంతా రిలయన్స్ దుకాణాల మీద దాడులు జరిగాయి.

మరి నియమాలు మారలేదా అంటే, ఒక చోట మారాయి. 2008 నవంబర్‌లో ముంబై దాడులప్పుడు కమాండోలు ఎక్కడ దిగుతున్నారో ఛానళ్ళు ప్రత్యక్షంగా చూపించాయి. అవతల పాకిస్తాన్‌లో కూర్చున్నవాళ్ళు అది చూసి లోపలివాళ్ళకి ఫోన్లో సూచనలిచ్చారు. 2012లో కసబ్ కేసు తీర్పులో సుప్రీంకోర్టు దీన్ని గట్టిగా తప్పుపట్టింది. 2015 మార్చిలో కేంద్రం కేబుల్ టీవీ నియమాలు సవరించింది: ఉగ్రవాద వ్యతిరేక చర్య నడుస్తున్నంతసేపూ ప్రత్యక్ష ప్రసారం ఉండదు, నియమించిన అధికారి అప్పుడప్పుడూ చెప్పిందే వెయ్యాలి.

మంచి నియమమే. దాని తర్వాత నాలుగు నెలలకి రాజమండ్రి. పుష్కర ఘాట్ దగ్గర కెమెరాలు ముందే ఉన్నాయి, పండగ చూపించడానికి వచ్చాయవి. కనీసం 27 మంది చనిపోయారు. జస్టిస్ సి.వై. సోమయాజులు కమిషన్ నివేదిక 2018లో శాసనసభ ముందుకొచ్చింది. ఒకే ముహూర్తానికి మునగాలన్న జనం నమ్మకాన్నీ, ఆ ముహూర్తానికి మీడియా ఇచ్చిన విపరీత ప్రచారాన్నీ అది కారణాలుగా చూపింది. ప్రభుత్వాన్ని తప్పించే నివేదిక అని ప్రతిపక్షం కొట్టిపారేసింది. ఆ విమర్శ న్యాయమైనదే. గేట్లూ జనమూ చూసుకోవాల్సింది టీవీ కాదు. కానీ మీడియా గురించి అన్న మాట కూడా దాంతోపాటే కొట్టుకుపోయింది, ఏ ఛానలూ దాన్ని తన గురించిన మాటగా తీసుకున్నట్టు నాకు కనపడలేదు.

నాకు అర్థమైంది ఇంతే. ప్రసారం వల్ల రాజ్యానికి ప్రమాదమైతే నియమం మారింది. చచ్చిపోయినవాళ్ళ ఇళ్ళకి ప్రమాదమైతే ఏదీ మారలేదు. 1984లో టీవీ చెప్పలేదు, 2015లో చెప్పడం ఆపలేదు. రెండుసార్లూ ఇంట్లో ఎదురుచూస్తున్నవాళ్ళకి కబురు అందలేదు. తాతయ్యకి పది రోజులు పట్టింది, నాకు ఆరు గంటలు. తేడా అంతే, అది కూడా టీవీ పుణ్యం కాదు, ఎవరో తెలియని మనిషి ఇచ్చిన ఫోన్ పుణ్యం.

2027లో మళ్ళీ గోదావరి పుష్కరాలు. ఘాట్ల గురించి, బారికేడ్ల గురించి ఎలాగూ మాట్లాడతారు. కెమెరాల గురించి కూడా ముందే మాట్లాడుకుంటే బాగుంటుంది. పాత దృశ్యం వేస్తే ఎన్నింటిదో దాని మీద రాయాలి, 'లైవ్' తీసెయ్యాలి. ఇంటివాళ్ళకి తెలిసేదాకా పోయినవాళ్ళ మొహాలు చూపించకూడదు. ఏ ఘాట్‌లో ఏం జరిగింది, మిగతా ఘాట్లు ఎలా ఉన్నాయి, ఏ నంబరుకి ఫోన్ చెయ్యాలి, ఏ ఆసుపత్రికి తీసుకెళ్ళారు: తెర కింద పరిగెత్తాల్సింది ఇవి. వీటికి చట్టం కూడా అక్కర్లేదు.

అమ్మ ఈసారీ వెళ్తానంటోంది. ఆకుపచ్చ చీర ఆ రోజు కట్టుకోనేలేదట, బీరువాలోనే ఉంది. టీవీలో పడిపోయినావిడ ఎవరో, ఆవిడ ఇంట్లో ఎవరు చూస్తూ కూర్చున్నారో నాకు ఇప్పటికీ తెలియదు.