సైడ్ బిజినెస్‌గా నెట్‌వర్క్ మార్కెటింగ్: చేరే ముందు వేసుకోవాల్సిన లెక్క

ఈ కబురు తెలియనివాళ్ల నోట రాదు. గల్ఫ్ నుంచి తిరిగొచ్చిన చాచా కొడుకో, పక్కింటి ఆపానో, ఆఫీసులో పక్క సీటు భాయో చెబుతారు. "ఉద్యోగం మానక్కర్లేదు, రోజుకు రెండు గంటలు చాలు, ఒక్కసారి మీటింగ్‌కు రండి" అంటారు. కంపెనీ పేరేంటని అడిగితే "వచ్చాక మీకే తెలుస్తుంది" అని దాటేస్తారు. నెట్‌వర్క్ మార్కెటింగ్ అన్నా, ఎంఎల్ఎం అన్నా, డైరెక్ట్ సెల్లింగ్ అన్నా చాలా ఇళ్లలోకి అది వచ్చే దారి ఇదే.

ఇందులో చేరడం నేరమా, హలాలేనా, అసలు ఏమైనా మిగులుతుందా అని జనం మూడు ప్రశ్నలు అడుగుతుంటారు. మూడింటికీ మూలం ఒక్కటే. మీ చేతికొచ్చే డబ్బు ఎవరి జేబులోంచి వస్తోంది? సబ్బో నూనెపొడో వాడుకుందామని కొన్న బయటి కస్టమర్ ఇచ్చిందా, లేక మీలాగే సంపాదిద్దామని చేరిన మనిషి కట్టిందా?

లెక్క ఇలా వేసుకోవాలి

కంపెనీ సరుకు మీరు కొంటారు, అమ్ముతారు, కొంత మార్జిన్ మిగులుతుంది. ఇది ఒక ఆదాయం. మీరు చేర్చినవాళ్లు, వాళ్లు చేర్చినవాళ్లు కొన్న సరుకు మీద కమీషన్ వస్తుంది. ఇది రెండోది. మీటింగుల్లో కారు ఫొటోలు, దుబాయ్ టూర్లు చూపించేదంతా ఈ రెండోదాని గురించే.

ఒక ఉదాహరణ తీసుకుందాం. కమీషన్‌కు అర్హత ఉండాలంటే నెలకు 3,000 రూపాయల సరుకు మీరే కొనాలి అనుకోండి. వాళ్ల భాషలో దీన్ని 'యాక్టివ్‌గా ఉండడం' అంటారు. అందులో ఇంట్లో నిజంగా వాడుకునే సామాను కిరాణా షాపులో 1,200కు దొరుకుతుందనుకుంటే, మిగతా 1,800 ఖర్చు కిందే రాసుకోవాలి. పెట్రోలు, సెమినార్ టికెట్లు, ఇంటికి పిలిచినవాళ్లకు చాయ్, సమోసా కలిపి ఇంకో 1,000. అంటే నెలకు 2,800 వస్తేనే మీరు సున్నా దగ్గర నిలబడతారు. అప్పటికి లాభం ఇంకా మొదలు కాలేదు.

టీమ్ కొనుగోళ్ల మీద 5 శాతం కమీషన్ అనుకుంటే ఆ 2,800 రావడానికి మీ కింద నెలకు 56,000 రూపాయల కొనుగోళ్లు జరగాలి. ఒక్కొక్కరు 3,000 చొప్పున కొన్నా 19 మంది కావాలి, అదీ ప్రతి నెలా ఆగకుండా. ఇప్పుడు ఆ 19 మంది వైపు నుంచి చూడండి. వాళ్ల కింద ఎవరూ లేకపోతే ఒక్కొక్కరికీ నెలకు అదే 1,800 పోతుంది. మొత్తం 34,200. మీరు సున్నాకు చేరడానికి మీ సాలా, ఖాలా, దోస్తులు కలిసి నెలకు 34 వేలు పోగొట్టుకుంటున్నారు. కంపెనీని బట్టి అంకెలు మారతాయి. మీరు చేరబోయే కంపెనీ ప్లాన్ ముందు పెట్టుకుని, అంకెలు మార్చి ఇదే లెక్క వేసుకోవచ్చు.

అదే సరుకును బయటివాళ్లకు 20 శాతం మార్జిన్‌తో అమ్మగలిగితే, నెలకు 14,000 అమ్మకంతో ఆ 2,800 వచ్చేస్తుంది. ఎవరినీ చేర్చక్కర్లేదు. ఇది మామూలు దుకాణం పని. ఆ ధరకు బయటివాళ్లు ఆ సరుకు కొంటారా అన్నదే ప్రశ్న. కొనరు అనిపిస్తే చేరే ఆలోచన అక్కడే ఆపేయొచ్చు.

"ఆరుగురిని చేర్చు, ఆ ఆరుగురు తలా ఆరుగురిని చేరుస్తారు" అని బోర్డు మీద గుండ్రాలు గీస్తారు. ఆ గుండ్రాలను చివరిదాకా గీసేవాళ్లు మాత్రం కనిపించరు. 6, 36, 216, 1,296 అంటూ పోతే పదో వరుసలోనే 6 కోట్ల 4 లక్షల మంది కావాలి. అన్ని వరుసలూ కలిపితే 7 కోట్ల 25 లక్షలు దాటుతుంది. 2011 జనాభా లెక్కల్లో తెలంగాణ కలిసి ఉన్న ఆంధ్రప్రదేశ్ మొత్తం జనాభా, చంటిపిల్లలతో సహా, 8 కోట్ల 46 లక్షలు. పదకొండో వరుసకు 36 కోట్ల మంది కావాలి. గొలుసు ఎక్కడ ఆగినా ప్రతి ఆరుగురిలో అయిదుగురు చిట్టచివరి వరుసలోనే ఉంటారు, వాళ్ల కింద ఎవరూ ఉండరు. వాళ్లు కష్టపడలేదని అప్‌లైన్ అంటాడు. గుణకారంలో కష్టానికి చోటే లేదు.

చట్టం ఏమంటోంది

డైరెక్ట్ సెల్లింగ్ మన దేశంలో నిషేధం కాదు. వినియోగదారుల రక్షణ చట్టం కింద కేంద్రం 2021 డిసెంబర్‌లో డైరెక్ట్ సెల్లింగ్ నిబంధనలు తెచ్చింది. సరుకు అమ్మడం ఒప్పు. ఆ పేరుతో పిరమిడ్ స్కీమ్, మనీ సర్క్యులేషన్ నడపడం, వాటిలో మనుషులను చేర్చడం తప్పు. ఇంటికి వచ్చే అమ్మకందారు ముందుగా టైమ్ అడిగి, గుర్తింపు కార్డుతోనే రావాలి. 2016లో ఇచ్చిన మార్గదర్శకాల్లోనే చేరడానికి ఫీజు ఉండకూడదని, అమ్ముకోగలిగినంత లేదా వాడుకోగలిగినంత కంటే ఎక్కువ సరుకు అంటగట్టకూడదని, కేవలం మనిషిని చేర్చినందుకు డబ్బు ఇవ్వకూడదని చెప్పారు. రాతపూర్వక ఒప్పందం, వద్దనుకుంటే తప్పుకోవడానికి గడువు, అమ్ముడుపోని సరుకు తిరిగి తీసుకునే ఏర్పాటు ఉండాలి. ఈ మూడింటి కాగితం చూపించమంటే నసిగే చోట ఆధార్ కార్డు ఇవ్వకపోవడమే మంచిది.

దీనికంటే పాత చట్టం ఇంకోటి ఉంది. 1978 నాటి ప్రైజ్ చిట్స్, మనీ సర్క్యులేషన్ స్కీముల నిషేధ చట్టం. స్కీము నడిపినవాళ్లతో పాటు అందులో సభ్యులుగా చేర్చడం, పాలుపంచుకోవడం కూడా దాని కిందికి వస్తాయి. మూడేళ్ల దాకా జైలు పడొచ్చు. "నేను జస్ట్ నా బావమరిదిని జాయిన్ చేశానంతే" అన్నది వాదనగా నిలవకపోవచ్చు.

ఈ చట్టం మన ప్రాంతంలో కాగితం మీద మిగిలిపోలేదు. ఆమ్‌వే స్కీము మనీ సర్క్యులేషన్ నిర్వచనం కిందికి వస్తుందని ఆంధ్రప్రదేశ్ హైకోర్టు 2007లో చెప్పింది. 2014లో కర్నూలు పోలీసులు ఆ కంపెనీ భారత విభాగం అప్పటి అధిపతిని అరెస్టు చేశారు. 2022లో ఈడీ ఆ కంపెనీకి చెందిన 757 కోట్లకు పైగా ఆస్తులను అటాచ్ చేసింది. 2019లో సైబరాబాద్ పోలీసులు ఈబిజ్ మీద, తర్వాత క్యూనెట్ మీద కేసులు పెట్టి పలువురిని అరెస్టు చేశారు. కేసు ఉన్నంత మాత్రాన నేరం రుజువైనట్టు కాదు. కానీ అప్పు తెచ్చి చేరిన పిల్లల డబ్బు కోర్టు తేల్చేదాకా ఎక్కడుంటుందో ఆలోచించాలి.

మీటింగుల్లో చూపించే సర్టిఫికెట్ల సంగతి కూడా ఇక్కడే చెప్పుకోవాలి. కంపెనీల రిజిస్ట్రేషన్, జీఎస్టీ నంబర్, ఫుడ్ లైసెన్స్ ఉన్నాయంటే కంపెనీ ఉందని, పన్ను కడుతుందని, తినే సరుకు అమ్మడానికి అనుమతి ఉందని అర్థం. కమీషన్ ప్లాన్ సక్రమమని ప్రభుత్వం ముద్ర వేసినట్టు కాదు.

హలాల్ అన్న మాట

సౌదీ అరేబియా శాశ్వత ఫత్వా కమిటీ హిజ్రీ 1425లో, అంటే 2004లో, ఈ తరహా వ్యాపారం కుదరదని చెప్పింది. ఇక్కడ సరుకు ఒక ముసుగేనని, చేరేవాడి చూపు కమీషన్ మీదే ఉంటుందని, అందులో రిబా, గరర్ రెండూ ఉన్నాయని దాని వాదన. ఇండోనేషియా ఉలమా మండలి 2009లో ఇచ్చిన 75వ నంబర్ ఫత్వా షరతులతో ఒప్పుకుంది. నిజమైన సరుకు ఉండాలి, ధర విపరీతంగా పెంచకూడదు, బోనస్ నిజమైన అమ్మకం మీదే రావాలి, పని చేయకుండా వచ్చే బోనస్ ఉండకూడదు. రెండు ఫత్వాలూ వేరువేరు చోట ఆగినా అడిగిన ప్రశ్న ఒకటే: సరుకు కోసమా, మనుషుల కోసమా? స్థానిక ముఫ్తీ సాహెబ్‌ను అడిగేటప్పుడు కంపెనీ పేరు చెప్పి ఊరుకోకుండా కమీషన్ ప్లాన్ కాగితం తీసుకెళ్లాలి. కాగితం చూడకుండా ఎవరూ సరైన జవాబు చెప్పలేరు.

గడ్డం, బుర్ఖా, "అల్‌హందులిల్లా, వడ్డీ లేదు" అన్న మాట వ్యాపారానికి గ్యారంటీ కావు. హీరా గ్రూప్, బెంగళూరు ఐఎంఏ నెట్‌వర్క్ మార్కెటింగ్ కాదు, పెట్టుబడి పేరుతో డబ్బు తీసుకున్న సంస్థలు. 2018లో ఒకదాని అధిపతి అరెస్టు, 2019లో రెండోదాని మూసివేత తర్వాత మన ఇళ్లలో ఎంత మెహర్ డబ్బు, ఎంత బంగారం, ఎంత హజ్ పొదుపు ఇరుక్కుపోయిందో ఎవరికీ వేరే చెప్పక్కర్లేదు. అక్కడా అడిగించుకోని ప్రశ్న ఇదే, లాభం ఎక్కడినుంచి వస్తోందని.

చేరాలనే అనుకుంటే

అప్పు చేసి, నగ తాకట్టు పెట్టి చేరొద్దు. మొదటి మూడు నెలలు ఖాందాన్‌లో ఎవరినీ చేర్చకుండా బయటివాళ్లకు సరుకు అమ్మి చూడండి. ఒక నోట్‌బుక్ పెట్టి బయటి అమ్మకం ఒక పేజీలో, సొంత కొనుగోలు ఇంకో పేజీలో, తిరుగుడు ఖర్చు మూడో పేజీలో రాయండి. కంపెనీ యాప్‌లో కనిపించే పాయింట్లను ఆదాయంగా రాయొద్దు. బ్యాంకులో పడిందే ఆదాయం. కమీషన్ ఏడాదికి 20 వేలు దాటితే 2 శాతం టీడీఎస్ కోస్తారు, పాన్ ఇవ్వకపోతే 20 శాతం. రిటర్న్‌లో దాన్ని చూపించాలి.

సర్కారీ ఉద్యోగి ఉన్న ఇంట్లో ఇంకో జాగ్రత్త అవసరం. కేంద్ర ఉద్యోగుల ప్రవర్తన నియమాల ప్రకారం ముందస్తు అనుమతి లేకుండా వ్యాపారం చేయకూడదు. కుటుంబంలో ఎవరైనా వ్యాపారం చేస్తుంటే తెలియజేయాలి. బేగం పేరు మీద ఐడీ తీసుకుని మియా మనుషులను తిప్పితే చిక్కు ఆయనకే. రాష్ట్ర ఉద్యోగులు తమ శాఖలో కనుక్కోవాలి.

పౌడర్లు, క్యాప్సూల్స్ అమ్మేవాళ్లు "షుగర్ తగ్గిపోతుంది, గోళీలు మానేయండి" అనకూడదు. మధుమేహం నయమవుతుందని ప్రచారం చేయడం 1954 నాటి చట్టం కింద నేరం. అప్‌లైన్ వాట్సాప్‌లో పంపింది మీరు ఫార్వర్డ్ చేస్తే ప్రచారం చేసింది మీరే అవుతారు. ఆ మాట నమ్మి అమ్మీ ఇన్సులిన్ మానేస్తే ఏ కంపెనీ ఆస్పత్రి బిల్లు కట్టదు.

ఇప్పటికే చేరి బయటపడాలనుకునేవాళ్లు ముందు ఒప్పందంలో తప్పుకునే గడువు ఎన్ని రోజులో చూసుకోవాలి. మాటతో కాకుండా ఈమెయిల్‌లో రాసి పంపాలి, సీల్ తీయని సరుకు వాపసు అడగాలి, బిల్లులు, చాట్‌లు, డబ్బు పంపిన స్క్రీన్‌షాట్లు డిలీట్ చేయకూడదు. కంపెనీ ఫిర్యాదుల అధికారి జవాబివ్వకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయొచ్చు. ఆన్‌లైన్‌లో డబ్బు పంపి మోసపోయామనిపిస్తే ఆలస్యం చేయకుండా 1930కు చెప్పాలి. మీరు చేర్చినవాళ్లు ఉంటే వాళ్లకు కూడా అదే రోజు చెప్పండి, వాళ్ల గడువు కూడా నడుస్తూనే ఉంటుంది.