కావడి బద్ద నుంచి ఇనుప గోళా దాకా

మహారాష్ట్రలో పోలీసు ఉద్యోగానికి నిలబడ్డ అబ్బాయి 1600 మీటర్లు పరుగెత్తాలి, 100 మీటర్లు ఉరకాలి, 7.26 కిలోల ఇనుప గుండు విసరాలి. అమ్మాయికి 800 మీటర్లు, 100 మీటర్లు, 4 కిలోల గుండు. మూడింటికీ కలిపి 50 మార్కులు. గుండు విసరడాన్ని మరాఠీ ప్రకటనలో గోళాఫేక్ అని రాస్తారు. ఇందులో ఉన్న చిక్కు మైదానంలో దిగినవాడికి మొదటి వారంలోనే తెలిసిపోతుంది. పరుగుకే అలవాటు పడ్డ బక్కపిల్లాడు గుండు ఎత్తితే అది ముందుకు పోదు, కాళ్ళ దగ్గరే పడుతుంది. గుండు దూరంగా విసిరే దిట్టకేమో మూడో చుట్టు తిరిగేసరికి ఊపిరి అందదు.

గడ్చిరోలి జిల్లా దక్షిణపు కొసన, సిరొంచ తాలూకా అడవిలో ఉంటుంది జింగనూర్. తెలుగు, మాడియా, మరాఠీ భాషలు కలగలిసిన ప్రాంతం. హైదరాబాదు జిమ్ముల్లో రోజూ వినపడే ప్రశ్న, బరువు తగ్గడానికి ట్రెడ్‌మిల్ ఎక్కాలా, డంబెల్ పట్టాలా అనేది, ఈ అడవి ఊళ్ళకు ఇంకో రూపంలో చేరింది. ఇక్కడ తగ్గించుకోవడానికి ఒంటిమీద పెద్దగా ఏమీ ఉండదు. కావలసింది ఉద్యోగం. కానీ ఊపిరిదొక లెక్క, కండదొక లెక్క అని విడగొట్టడం మాత్రం ఇక్కడ కొత్తే. ఎందుకంటే ఆ రెంటినీ ఒకే భుజం మీద మోసిన పనిముట్టు ఈ దారుల్లో తరతరాలుగా నడిచింది. దాని పేరు కావడి.

కావడి బద్దను వెదురు చీల్చి చెక్కుతారు. నడుమ వెడల్పు, కొసలు సన్నం. రెండు కొసలకూ గాట్లు, గాట్లకు ఉట్లు. బరువు రెండువైపులా సమానంగా ఉండాలి. ఒకవైపు ధాన్యం ఉండి రెండోవైపు ఏమీ లేకపోతే అటు రాయి పెట్టుకుని మోస్తారు. ఉత్త రాయిని అంత దూరం మోయడం తెలివితక్కువగా కనిపిస్తుంది కానీ, ఒంటివైపు బరువు నడుమును విరిచేస్తుందని మోసినవాడికే తెలుసు. కావడి మోసేవాడి నడక మామూలు నడక కాదు, అలాగని పరుగూ కాదు. మోకాళ్ళు కాస్త వంచి, పొట్టి అడుగులు గబగబా వేస్తాడు. బద్ద పైకి లేచినప్పుడు కాలు లేవాలి, కిందికి వంగినప్పుడు కాలు ఆనాలి. ఆ తాళం తప్పితే ఉట్లు ఊగి మనిషిని పక్కకు లాగుతాయి. భుజం కాలితే ఆగడు. బద్దను మెడ వెనక నుంచి తిప్పి రెండో భుజానికి మార్చుకుంటూనే సాగిపోతాడు.

ఆసియా దేశాల్లో వాడే ఇలాంటి బద్దల మీద రాడ్జర్ క్రామ్ అనే శాస్త్రవేత్త ప్రయోగం చేసి 1991లో ఫలితం ప్రకటించాడు. సాగే బద్ద వల్ల భుజం మీద పడే దెబ్బ బాగా తగ్గుతుంది, ఒంట్లో ఖర్చయ్యే శక్తి మాత్రం తగ్గదు అని తేలింది. అంటే కావడి మనిషికి ఊరట ఇచ్చింది కానీ రాయితీ ఇవ్వలేదు. గుండె కొట్టుకోవలసినంతా కొట్టుకుంటుంది, కండ మోయవలసినంతా మోస్తుంది.

ఈ ప్రాంతంలో మనిషి భుజానికి అంత గిరాకీ ఎందుకు ఉండేదో సిరొంచ చరిత్ర చెబుతుంది. 1860లో నిజాం గోదావరి ఎడమ ఒడ్డు తాలూకాలను ఇంగ్లీషువాళ్ళకు వదులుకున్నాడు. వాటితో అప్పర్ గోదావరి జిల్లా ఏర్పడింది, సిరొంచ దానికి ముఖ్యపట్టణం. ఈ మారుమూల మీద తెల్లదొరలకు అంత మక్కువ పుట్టడానికి కారణం పత్తి. నాగపూర్, బేరార్ పత్తిని గోదావరి మీదుగా సముద్రానికి చేర్చాలని ఇంజనీరు ఆర్థర్ కాటన్ పట్టుబట్టాడు. ఆయన కట్టించిన ధవళేశ్వరం ఆనకట్ట 1852కే పూర్తయింది కాబట్టి ఆయన మాటకు విలువుండేది. కానీ పైన నది రాళ్ళమయం. దుమ్ముగూడెం దగ్గర ఒక అడ్డు, సిరొంచకు దిగువన ఇచ్చంపల్లి దగ్గర రెండోది, ప్రాణహిత మీద దేవల్‌మరి దగ్గర మూడోది. పడవ ఆగిన చోట సరుకు దించాలి, గట్టున దాటించాలి, అవతల మళ్ళీ ఎక్కించాలి. బండి పోగలిగిన చోట బండి, పోలేని చోట మనిషి. లక్షల రూపాయలు పోశాక 1871లో పథకాన్ని వదిలేశారు. మూడేళ్ళకు, 1874లో, జిల్లా కూడా రద్దయి సిరొంచ చాందా జిల్లాలో ఒక తాలూకాగా కలిసింది. ఆ చాందాయే తర్వాత చంద్రపూర్ అయింది. అందులోంచి 1982 ఆగస్టు 26న గడ్చిరోలి జిల్లా విడివడింది.

నది దారి మూసుకుపోయాక అడవి దారే మిగిలింది. అధికారి విడిది మారినప్పుడల్లా డేరాలు, మంచాలు, వంటపాత్రలు ఊరినుంచి ఊరికి మోయడం చుట్టుపక్కల గూడేల మీద పడేది. దాన్ని తెలుగునాట వెట్టి అన్నారు, ఉత్తరాన బేగార్ అన్నారు. ఇంద్రావతి అవతల బస్తర్‌లో 1910లో భూమ్‌కాల్ తిరుగుబాటు రేగినప్పుడు, అడవుల మీద ఆంక్షలతో పాటు ఈ బేగార్ కూడా జనం కడుపుమంటల్లో ఒకటి. చట్టం మాటగా అది ఆగింది 1950లో, రాజ్యాంగం 23వ అధికరణంతో. కాబట్టి పూర్వం మనవాళ్ళు ఎంత దృఢంగా ఉండేవారో అని మురిసిపోయే వ్యాసాలు చదివినప్పుడు ఒక్క క్షణం ఆగాలి. ఆ దృఢత్వంలో కొంత ఎవరి సామానో మోయగా వచ్చింది.

ఇష్టంతో ఒళ్ళు వంచిన చరిత్ర వేరే చోట ఉంది. ఊరూరా తాలింఖానాలు, గోదాలు, సాముగరిడీలు. అక్కడి దినచర్య చూస్తే ఊపిరికీ కండకూ మధ్య గోడ కనిపించదు. వందల కొద్దీ దండీలు, బస్కీలు ఆగకుండా తీస్తే అవి కండకు పనే, గుండెకూ పనే. కర్రసాములో చెయ్యి తిరుగుతుంటే కాలు కదలాలి. సంగిడి గుండు ఎత్తేవాడు అదే సాయంత్రం కుస్తీ మట్టిలో దొర్లుతాడు.

ఆ సంప్రదాయానికీ ఇంగ్లీషు డ్రిల్లుకూ నడుమ నిలబడ్డ తెలుగు మనిషి కోడి రామ్మూర్తి నాయుడు. శ్రీకాకుళం వైపు వీరఘట్టంలో పుట్టి విజయనగరంలో పెరిగాడు. చిన్నప్పటి నుంచీ సాము చేశాడు. తర్వాత మద్రాసు సైదాపేటలో వ్యాయామ ఉపాధ్యాయుడిగా శిక్షణ పొంది, విజయనగరం తిరిగొచ్చి డ్రిల్లు మాస్టారయ్యాడు. ఆ పైన సర్కస్ పెట్టాడు. ఛాతీ మీద ఏనుగును నిలబెట్టుకోవడం, మోటారుకార్లను గొలుసులతో ఆపడం జనం చెప్పుకున్న వింతలు. అసలు చూడవలసింది మరొకటుంది. ఛాతీకి ఇనుప గొలుసు చుట్టించుకుని, ఊపిరి బిగబట్టి, ఆ ఛాతీ విప్పి తెంచేవాడు. అది బలమా, దమ్మా? ఆయనను అడిగితే ఈ ప్రశ్నే అర్థమయ్యేది కాదేమో. శాకాహారి. 1942లో కన్నుమూసేదాకా కలియుగ భీముడన్న పేరు నిలబెట్టుకున్నాడు.

ఆయన కాలంలోనే గాలి మారింది. 1904, 1905ల్లో యూజెన్ శాండో మన దేశమంతా తిరిగి కండల ప్రదర్శన ఇచ్చాడు. అద్దం ముందు నిలబడి ఒక్కొక్క కండనూ విడిగా పెంచే పద్ధతి ఆయన వెంట వచ్చింది. సిరొంచకు వాయవ్యాన, అదే విదర్భలోని అమరావతిలో 1914లో హనుమాన్ వ్యాయామ ప్రసారక్ మండల్ మొదలైంది. 1936 బెర్లిన్ ఒలింపిక్స్‌కు వెళ్ళి దేశీ ఆటలు చూపించి వచ్చిన సంస్థ అది. 1920లో మద్రాసులో హ్యారీ క్రో బక్ వై.ఎం.సి.ఎ. వ్యాయామ కళాశాల పెట్టాడు. తాలింఖానా ఉస్తాదు వెనక్కి పోయాడు, ఈల వేసే మాస్టారు ముందుకొచ్చాడు.

ఊపిరి, కండ విడివిడి గదుల్లోకి వెళ్ళింది మాత్రం రెండో ప్రపంచ యుద్ధం తర్వాతే. 1953లో జెరీ మోరిస్ అనే పరిశోధకుడు లండన్ డబుల్ డెక్కర్ బస్సుల లెక్క తీశాడు. రోజంతా కూర్చునే డ్రైవర్లకంటే మెట్లెక్కి దిగే కండక్టర్లకు గుండెజబ్బు తక్కువ. 1968లో అమెరికా వాయుసేన వైద్యుడు కెన్నెత్ కూపర్ ఏరోబిక్స్ అనే పుస్తకం రాశాడు, ప్రపంచం రోడ్డెక్కి పరుగు తీసింది. ఇక బరువులెత్తేవాళ్ళు ఒక జాతి, పరుగెత్తేవాళ్ళు ఇంకో జాతి.

ఆ రెంటినీ మళ్ళీ కలపబోయి దెబ్బతిన్నవాడు రాబర్ట్ హిక్సన్. బాగా బరువులెత్తే మనిషి. సెయింట్ లూయిస్‌లో జాన్ హొలొజీ అనే ఆచార్యుడి దగ్గర చేరాక, గురువుగారికి రోజూ పరుగు అలవాటు కాబట్టి తనూ వెంట పరుగెత్తాడు. కండ కరగడం మొదలైంది. బలం తగ్గింది. గురువుతో మొరపెట్టుకుంటే, సొంత ప్రయోగశాల వచ్చాక మొదట దీన్నే తేల్చమన్నాడాయన. హిక్సన్ తేల్చాడు. 1980లో వచ్చిన ఆయన పరిశోధనలో మూడు జట్లు, పది వారాలు. బరువులొక్కటే ఎత్తినవాళ్ళ బలం చివరిదాకా పెరిగింది. రెండూ చేసినవాళ్ళకు ఏడెనిమిది వారాల దాకా పెరిగి ఆగింది, చివరి రెండు వారాల్లో జారింది. రెండూ చేసినవాళ్ళకు దమ్ము మాత్రం చెడలేదు. అయితే రెండూ చేసిన ఆ జట్టు వారానికి అయిదు రోజులు బరువులూ ఆరు రోజులు దమ్ము పెంచే కసరత్తూ చేసింది. అంత దండన ఎవరికైనా ఎక్కువే.

బరువు తగ్గడం సంగతి డ్యూక్ విశ్వవిద్యాలయం వాళ్ళు ఎనిమిది నెలలు నడిపి 2012లో ప్రకటించిన ప్రయోగంలో కొంత స్పష్టపడింది. ఒళ్ళు పెరిగి కదలిక లేనివాళ్ళను తీసుకున్నారు. నడక, పరుగు చేసినవాళ్ళకు కొవ్వూ బరువూ తగ్గాయి. బరువులే ఎత్తినవాళ్ళకు కండ పెరిగింది, తూకంలో ముల్లు కిందికి రాలేదు. రెండూ చేసినవాళ్ళకు కొవ్వు తగ్గడమూ కండ పెరగడమూ రెండూ దక్కాయి. కాకపోతే వాళ్ళు వెచ్చించిన సమయం రెట్టింపు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 సూచన కూడా ఇదే వరస: పెద్దవాళ్ళు వారానికి 150 నుంచి 300 నిమిషాలు ఓ మోస్తరు శ్రమ, రెండు రోజులు కండకు పని.

అదే 2012లో హెర్మన్ పాంట్జర్ అనే శాస్త్రవేత్త బృందం ఇంకో తిరకాసు పెట్టింది. టాంజానియాలో వేటాడి, దుంపలు తవ్వి బతికే హడ్జా మగవాళ్ళు రోజుకు 11 కిలోమీటర్ల పైన నడుస్తారు. అయినా ఒంటి పరిమాణాన్ని లెక్కలోకి తీసుకుంటే వాళ్ళు రోజుకు ఖర్చు చేసే శక్తి కుర్చీలో కూర్చునే అమెరికావాడి ఖర్చుకు దాదాపు సమానమని తేలింది. శ్రమ పెరిగితే ఒళ్ళు మరోచోట పొదుపు చేసుకుంటుందని పాంట్జర్ వాదన. సన్నగా ఉండడానికి కాళ్ళకంటే కంచానికే ఎక్కువ సంబంధమన్నమాట.

ఇది చదివి సిరొంచ అడవిలో తునికాకు సీజన్ చూస్తే విషయం ఇంకా బాగా బోధపడుతుంది. ఏప్రిల్ చివర, మే మొదట్లో ఎండ ముదరకముందే, చీకటితోనే బయల్దేరతారు. తునికి మొక్క మోకాలెత్తు, నడుమెత్తు ఉంటుంది కాబట్టి కోసినంతసేపూ వంగే ఉండాలి, లేదా గొంతుక్కూర్చోవాలి. పొద్దెక్కాక మూట నెత్తికెత్తుకుని ఇంటికి నడక. ఆ తర్వాత నీడన కూర్చుని లెక్కబెట్టి నారతో కట్టలు కట్టడం. తెలంగాణ వైపు కట్టకు 50 ఆకులు. సాయంత్రం కల్లంలో వరసలుగా పరచడానికి మళ్ళీ వంగుడే. వంగడం, ఎత్తడం, నడవడం, మోయడం అన్నీ ఒక్క రోజులో. జిమ్ము మాస్టారు రాసిచ్చిన చీటీలో ఇంతకంటే ఉండదు. తేడా ఒక్కటే, చీటీలో విశ్రాంతి దినం ఉంటుంది.

అలాగని అడవి ఒంటికి జబ్బులు రావని కాదు. అభయ్ బంగ్, రాణీ బంగ్ దంపతులు 1986లో గడ్చిరోలిలో స్థాపించిన సెర్చ్ సంస్థ, జిల్లాలోని 86 గ్రామాల్లో చావుల కారణాలు లెక్క తీసింది. 2015లో ఫలితం వచ్చింది. మరణాల్లో సుమారు 14 శాతం పక్షవాతం వల్లే, అన్ని కారణాల్లోకీ అదే మొదటిది. నడిచే జనమే, మోసే జనమే. రక్తపోటు కొలిచే పట్టీ ఊరిదాకా రాకపోతే నడకొక్కటే ఏం చేస్తుంది?

ఇప్పుడు సిరొంచ నుంచి గోదావరి మీద వంతెన ఉంది, కాళేశ్వరం అటు పక్కనే. మోటారు సైకిల్ చేరిన చోట కావడి గోడకు చేరింది. గడ్చిరోలి పోలీసులు దాదాలోరా ఖిడ్‌కీ పేరుతో ఊళ్ళలో తెరిచిన కేంద్రాల ద్వారా భర్తీకి ముందు శిక్షణ కూడా ఇస్తున్నారు. పరుగు రోజూ దొరుకుతుంది, దానికి దారి చాలు. గుండుకు మాత్రం నేర్పు కావాలి. అరచేతిలో పెట్టుకుంటే జారుతుంది, వేళ్ళ మొదళ్ళ మీద నిలపాలి. మోకాలు వంచి, నడుము తిప్పి, బలమంతా కాలినుంచి పైకి తేవాలి, చెయ్యి చివరన పని చేయాలి. విసిరేదాకా దాన్ని దవడ కింద, మెడకు ఆనించి ఉంచాలి. కావడి బద్ద ఆనేది అక్కడికి నాలుగు వేళ్ళ కిందుగా.