మెంబ్రేన్లకు గార పట్టడం
నీటిలోని లవణాలు ఆర్వో (రివర్స్ ఆస్మోసిస్) పొరల మీద పెచ్చులుగా పేరుకోవడం. వంద లీటర్లలో 75 శుద్ధమై వచ్చేస్తే, మిగిలిన 25 లీటర్లలో లవణాలు దాదాపు నాలుగింతలు చిక్కబడతాయి; కాల్షియం కార్బనేట్, కాల్షియం సల్ఫేట్, సిలికా అక్కడే గడ్డకడతాయి. అందుకే పొరలుండే గొట్టాల వరుసలో గార ముందుగా చివరివాటిలో కనిపిస్తుంది. బురద, బ్యాక్టీరియా జిగురు మాత్రం మొదటి గొట్టాలనే మూసేస్తాయి.

గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ ప్రాంతాల రాతినేలల్లో బోరునీరు చాలాచోట్ల కఠినం. ఊరి ఫిల్టర్ నీళ్ల ప్లాంటుకూ ఈ బెడద తప్పదు. పొరుగున జడ్చర్ల దగ్గరి పోలేపల్లి సెజ్‌లో ఉన్నటువంటి మందుల పరిశ్రమలది ఇంకా చిక్కు: వ్యర్థజలంలో లవణాలకు సేంద్రియ పదార్థాలు తోడవుతాయి.

పొరలను కడిగేటప్పుడు కార్బనేట్ గార పీహెచ్ 2 దగ్గరి ఆమ్లానికి కరుగుతుంది. జిగురుకు క్షారం కావాలి, అదీ ముందుగా. మొదటే ఆమ్లం పోస్తే జిగురు మరింత బిగుసుకోవచ్చు. ముదిరిన సిలికా మాత్రం మామూలు కడుగుడుకు లొంగదు, చాలాసార్లు పొర మార్చాల్సిందే.