‘వివరణ కోరగా...’: రెండు శతాబ్దాల ప్రయాణం

జిల్లా పేజీలో ఏ ఆరోపణ వార్త చూసినా చివరి వాక్యం ఇంచుమించు ఒకటే. ‘ఈ విషయమై తహసీల్దారును వివరణ కోరగా, విచారణ జరిపి చర్యలు తీసుకుంటామని తెలిపారు.’ లేదంటే ‘వివరణ కోసం ఫోన్ చేయగా ఆయన అందుబాటులోకి రాలేదు.’ పాఠకులు దాన్ని చదివీ చదవనట్టు వదిలేస్తారు. రాసిన విలేకరికీ చాలాసార్లు అది అలవాటుగా తగిలించే తోకే. కానీ వార్త మొత్తంలో నింద పడ్డ మనిషి తరఫున నిలబడేది ఆ ఒక్క వాక్యమే. నింద అబద్ధమైతే, అచ్చు కాకముందే దాన్ని ఆపగలిగే చోటు కూడా అదే. పత్రికల్లో ఆ వాక్యం కుదురుకోవడానికి దాదాపు రెండు వందల ఏళ్లు పట్టింది.

తొలినాటి పత్రికలకు అడిగే అలవాటు లేదు. నచ్చనివాడి మీద రాసేయడం, వాడు ఇంకో పత్రికలో బదులు తిట్టడం, అంతే. ఈ అరాచకానికి తొలి పగ్గం ఫ్రాన్స్‌లో పడింది. పత్రికలో తన పేరు వచ్చిన మనిషి జవాబు రాసి పంపితే, పత్రిక దాన్ని అచ్చు వేసి తీరాలని 1822లో అక్కడ చట్టం చేశారు. 1881 జులై 29 నాటి పత్రికాస్వేచ్ఛ చట్టంలో అది 13వ అధికరణంగా స్థిరపడింది. ఇప్పటికీ అమల్లో ఉంది. మన పత్రికాఫీసుల్లో ‘ఖండన’, ‘రిజాయిండర్’ అని పిలుచుకునేవి ఆ వంశంలోవే. అయితే ఆ హక్కు పనిచేసేది పరువు పోయాకే. ముందే వెళ్లి అడగడం వేరే దారిన వచ్చింది.

ఆ దారి అమెరికాలో మొదలైంది. 1836 ఏప్రిల్‌లో న్యూయార్క్‌లో హెలెన్ జ్యూవెట్ అనే యువతి హత్యకు గురైంది. ‘న్యూయార్క్ హెరాల్డ్’ సంపాదకుడు జేమ్స్ గోర్డన్ బెన్నెట్ స్వయంగా హత్య జరిగిన వేశ్యాగృహానికి వెళ్లాడు. దాన్ని నడిపే రోజీనా టౌన్‌సెండ్‌ను ప్రశ్నించి, ప్రశ్నలూ జవాబులూ ఒకదాని కింద ఒకటి అచ్చు వేశాడు. పత్రికా చరిత్ర రాసినవాళ్లు చాలామంది తొలి ఇంటర్వ్యూగా చెప్పేది దీన్నే. నిందితుడు 19 ఏళ్ల గుమాస్తా. జూన్‌లో అతన్ని నిర్దోషిగా వదిలేశారు.

నింద పడ్డ మనిషి ఎదుటే కూర్చుని ఆ నిందను అతని ముందే పెట్టడం మాత్రం 1859 జులై 13న సాల్ట్ లేక్ సిటీలో జరిగింది. ‘న్యూయార్క్ ట్రిబ్యూన్’ సంపాదకుడు హొరేస్ గ్రీలీ మోర్మన్ మతాధిపతి బ్రిగమ్ యంగ్‌ను కలిశాడు. బానిసత్వం గురించి అడిగాడు. మీకు ఎందరు భార్యలని అడిగాడు. పదిహేను మందని యంగ్ దాపరికం లేకుండా చెప్పాడు. మీ మతంలో ‘డానైట్లు’ అనే రహస్య హంతక ముఠా ఉందంటారు, నిజమేనా అని కూడా అడిగాడు. అలాంటి ముఠా ఏదీ తనకు తెలియదని, శత్రువుల దూషణల్లో తప్ప దాని పేరే వినలేదని యంగ్ కొట్టిపారేశాడు. ఆగస్టు 20న ట్రిబ్యూన్ ప్రశ్ననూ జవాబునూ ఉన్నవి ఉన్నట్టు వేసింది. ఏది నమ్మాలో పాఠకుడికే వదిలింది. అతిథి మర్యాద పేరుతో గ్రీలీ ఆ ప్రశ్న మింగేసి ఉంటే యంగ్‌కు మేలు జరిగేది కాదు. ఆ పుకారు దేశమంతా తిరుగుతూనే ఉండేది, అతని జవాబు మాత్రం ఎవరికీ చేరేది కాదు.

మన దగ్గర 1874లో రాజమండ్రిలో మొదలైన కందుకూరి వీరేశలింగం ‘వివేకవర్ధని’ లంచగొండి అధికారుల గుట్టు రట్టు చేసి తెలుగు పత్రికలకు ధైర్యం నేర్పింది. ఆ రోజుల్లో అవతలి పక్షం వాదన తెలియాలంటే మాత్రం అవతలివాళ్ల పత్రిక కొనుక్కోవాల్సిందే. ఒకే వార్తలో రెండు గొంతులూ వినిపించాలనే నియమం ఇంకా చాలా దూరాన ఉంది.

స్వాతంత్ర్యం వచ్చాక మొదటి ప్రెస్ కమిషన్ సిఫారసుతో 1966లో ప్రెస్ కౌన్సిల్ ఏర్పడింది. అత్యవసర పరిస్థితిలో రద్దయి, 1978 చట్టంతో మళ్లీ ప్రాణం పోసుకుంది. ఒకరి మీద ఆరోపణ చేసే వార్త అందితే, అచ్చు వేయకముందే సంబంధిత వ్యక్తినో సంస్థనో సంప్రదించి, వాళ్ల మాట తీసుకుని, పక్కనే ప్రచురించాలని ఆ కౌన్సిల్ ప్రవర్తనా నియమావళి చెబుతోంది. తెలుగు డెస్కుల్లో సబ్ ఎడిటర్లు కాపీ పట్టుకుని ‘అవతలివాళ్ల వెర్షన్ ఏదీ?’ అని కేకలేసేది ఆ నియమం కోసమే.

ఈ చరిత్రలో 1994 చివరి మూడు నెలలు నన్ను వదలవు. ఆ ఏడాది అక్టోబర్ 7న సుప్రీంకోర్టు ఆర్.రాజగోపాల్ కేసులో తీర్పు చెప్పింది. ప్రభుత్వాధికారి విధి నిర్వహణ గురించి రాసింది తప్పని తేలినా, తగినంత విచారించుకున్నాకే రాశానని విలేకరి చూపగలిగితే రక్షణ ఉంటుందని అందులో ఉంది. దాదాపు రెండు వారాలకు, అక్టోబర్ 20న, తిరువనంతపురంలో ఒక మాల్దీవుల మహిళను అరెస్టు చేశారు. ఇస్రో గూఢచర్యం కేసు అలా మొదలైంది. క్రయోజెనిక్ ఇంజిన్ రహస్యాలు అమ్ముకున్నారంటూ పత్రికలు వారాల తరబడి కథలు అల్లాయి. నవంబర్ 30న శాస్త్రవేత్త నంబి నారాయణన్ అరెస్టయ్యారు. 50 రోజులు నిర్బంధంలో ఉన్నారు. ‘విశ్వసనీయ వర్గాలు’ చెప్పిందల్లా అచ్చయింది. ఆ రహస్యాలు కాగితాల మీద అమ్మగలిగినవేనా అని రాకెట్ శాస్త్రం తెలిసిన ఒక్కరిని అడిగినా కథ కూలిపోయేది. కేసు బూటకమని 1996లో సీబీఐ తేల్చింది. నారాయణన్‌కు 50 లక్షల రూపాయల పరిహారం ఇవ్వాలని సుప్రీంకోర్టు చెప్పింది 2018 సెప్టెంబర్ 14న. మధ్యలో ఇరవై నాలుగేళ్లు. ఆ జీవితాన్ని ఏ ఖండన తిరిగి ఇస్తుంది?

అదే 1994 నవంబర్‌లో లండన్ ‘సండే టైమ్స్’ ఐర్లాండ్ ప్రధాని పదవికి అప్పుడే రాజీనామా చేసిన ఆల్బర్ట్ రెనాల్డ్స్ పార్లమెంటును మోసం చేశాడని రాసింది. పార్లమెంటులో ఆయన ఇచ్చిన సంజాయిషీ గురించి బ్రిటిష్ ఎడిషన్‌లో ఒక్క ముక్క లేదు. ఆయన దావా వేశారు. రాసింది నిజం కాదని జ్యూరీ ఒప్పుకుంది కానీ పరిహారం సున్నా అంది. జడ్జి దాన్ని ఒక్క పెన్నీ చేశాడు. ఆ పెన్నీ కేసే 1999లో బ్రిటన్ ప్రభువుల సభ దాకా వెళ్లి ప్రపంచ పాత్రికేయానికి పాఠమైంది. బాధ్యతగా రాశారో లేదో తేల్చడానికి అక్కడి న్యాయమూర్తి లార్డ్ నికల్స్ పది అంశాలు చెప్పారు. నింద పడ్డ మనిషిని అడిగారా, అతని వాదన సారాంశమైనా వేశారా అన్నవి వాటిలో ఉన్నాయి. ఎవరికీ తెలియని సంగతి అతనికి తెలిసి ఉండవచ్చని ఆయన చెప్పిన కారణం నాకు అన్నిటికన్నా గట్టిదనిపిస్తుంది. అడగడం మర్యాద కోసం కాదు, నిజం కోసం.

దీన్ని నిరూపించిన ఘటన 2012 నవంబర్ 2న జరిగింది. వేల్స్‌లోని ఒక అనాథాశ్రమంలో పిల్లలపై అఘాయిత్యం చేశాడంటూ బీబీసీ ‘న్యూస్‌నైట్’ ఒక సీనియర్ కన్జర్వేటివ్ నాయకుణ్ని వేలెత్తి చూపింది. పేరు చెప్పలేదు. సోషల్ మీడియా గంటల్లోనే లార్డ్ మెకాల్పిన్ పేరు బయటపెట్టింది. బీబీసీ ఆయనకు ఒక్క ఫోన్ కూడా చేయలేదు. ఆరోపణ చేసిన బాధితుడికి ఆయన ఫొటో చూపించి ‘ఇతనేనా?’ అని కూడా అడగలేదు. చివరికి ఫొటో చూసిన బాధితుడు, ఈయన కాదని క్షమాపణ చెప్పాడు. తనను ముందే అడిగి ఉంటే, ఇది పూర్తి అబద్ధమని, ఆ ఆశ్రమం ఉన్న ఊరికి జీవితంలో ఒకేసారి వెళ్లానని చెప్పేవాణ్నని మెకాల్పిన్ తర్వాత బీబీసీ రేడియోలోనే అన్నారు. బీబీసీ 1,85,000 పౌండ్లు చెల్లించింది. డైరెక్టర్ జనరల్ జార్జ్ ఎంట్విసిల్ పదవిలోకి వచ్చిన 54 రోజులకే వైదొలిగాడు. ఇబ్బందికరమైన ప్రశ్న ఇద్దరినీ అడగాల్సింది, నింద పడ్డవాణ్నీ నింద వేసినవాణ్నీ. బాధితుణ్ని ప్రశ్నిస్తే మనసు నొచ్చుకుంటుందని వెనకాడటం దయలా కనిపిస్తుంది. ఆ దయ ఇక్కడ ఒక నిరపరాధి మెడకు చుట్టుకుంది, బాధితుడి మాటకూ విలువ పోగొట్టింది.

అడిగీ అడగనట్టు అడగడం ఇంకో రకం. 2014లో ‘రోలింగ్ స్టోన్’ పత్రిక వర్జీనియా విశ్వవిద్యాలయంలో సామూహిక అత్యాచారం జరిగిందని రాసింది. రాసేముందు ఆరోపణ ఎదుర్కొన్న విద్యార్థి సంఘాన్ని ‘ఆరోపణలపై మీరేమంటారు’ అని అడిగింది కానీ, ఏ రోజు, ఏ సందర్భంలో అన్న వివరాలు ఇవ్వలేదు. తేదీ చెప్పి ఉంటే వాళ్లు తమ రికార్డులు తీసి చూపేవాళ్లు. ఆరోపణ చేసిన యువతి ముగ్గురు స్నేహితులనూ పత్రిక కలవలేదు. కొలంబియా జర్నలిజం స్కూలు విచారణ ఈ లోపాలన్నీ బయటపెట్టాక, 2015 ఏప్రిల్‌లో పత్రిక ఆ కథనాన్ని ఉపసంహరించుకుంది.

మరి ముందుగా అడగడాన్ని చట్టమే తప్పనిసరి చేయవచ్చు కదా? మాక్స్ మోస్లీ అనే ప్రముఖుడు అదే కోరుతూ ఐరోపా మానవ హక్కుల న్యాయస్థానానికి వెళ్లారు. ‘న్యూస్ ఆఫ్ ది వరల్డ్’ పత్రిక ఆయనకు మాట మాత్రం చెప్పకుండా ఆయన పడకగది విషయాలు వేసి, దానికి నాజీ రంగు పూసింది. ఆ నాజీ ఆరోపణకు ఆధారం లేదని 2008లో లండన్ కోర్టు తేల్చి, 60,000 పౌండ్లు ఇప్పించింది. అయినా ముందస్తు సమాచారం తప్పనిసరి చేస్తే నిజమైన పరిశోధనలూ ఆగిపోతాయని 2011లో ఆ న్యాయస్థానం మోస్లీ కోరికను తోసిపుచ్చింది. ఆ తీర్పు సరైనదే. ముందే తెలిస్తే స్టే తెచ్చుకునే పెద్దలు మన దగ్గరా తక్కువేం లేరు. అయితే చట్టం వదిలేసిన ఆ బాధ్యత అప్పటి నుంచి పూర్తిగా విలేకరి మనస్సాక్షి మీదే పడింది.

ఆ బాధ్యత మన దగ్గర ఎలా ఉందో చెప్పాలంటే క్రైమ్ పేజీ చాలు. ముఖాలకు ముసుగులు వేసిన మనుషుల్ని వెనక నిలబెట్టి పోలీసు అధికారి ప్రెస్‌మీట్ పెడతాడు. ఆ ముసుగుల వెనక ఉన్నవాళ్లను అడగనివ్వరు, వాళ్ల ఇంటికో వకీలు దగ్గరికో వెళ్లేవాళ్లు అరుదు. కోర్టులో కేసు కొట్టేసిన రోజు ఆ వార్త రావడం ఇంకా అరుదు. మండలంలో పనిచేసే కంట్రిబ్యూటర్ కష్టమూ నాకు తెలుసు. రోజూ మొహం చూడాల్సిన సర్పంచినో ఎస్సైనో నిలదీయడం సులువు కాదు. రాత్రి ఎనిమిదింటికి ఫోన్ చేసి, ఎత్తకపోతే ‘అందుబాటులోకి రాలేదు’ అని రాసేయడం సులువు. ఆ సులువుకు అలవాటు పడితే రెండు శతాబ్దాల శ్రమ అక్కడే వృథా అవుతుంది.

పాఠకులకు ఒక మాట. మీ మీద ఆరోపణ వచ్చిందంటూ విలేకరి ఫోన్ చేస్తే కోపంతో పెట్టేయకండి. ఆరోపణ ఏమిటి, ఏ తేదీది, ఏ కాగితం ఆధారంగా అంటున్నారో అడగండి. జవాబు రాసి పంపి, ఒక కాపీ దాచుకోండి. అడగకుండానే అచ్చు వేస్తే ముందు సంపాదకుడికి ఖండన పంపండి. అది వేయకపోతే దినపత్రికలు, వారపత్రికల మీద ప్రచురించిన 2 నెలల్లోగా, మిగతా పత్రికల మీద 4 నెలల్లోగా ప్రెస్ కౌన్సిల్‌కు ఫిర్యాదు చేయవచ్చు.