లోపలి గదిలో ఫోటో

మా పూర్వభాగంలో నేనేం పని చేస్తానని అడిగితే "ఆడోళ్ళ ఫోటోలు తీస్తది" అంటారు. అంతకంటే వివరంగా చెప్పడం వాళ్ళకూ ఇబ్బందే, నాకూ ఇబ్బందే. పెళ్ళిళ్ళు, తొట్లె ఫంక్షన్లు నేనూ తీస్తాను. కాని ఇరవై ఏళ్ళకు పైగా నన్ను వెతుక్కుంటూ వచ్చే పని వేరు. ఒక స్త్రీ తన ఇంట్లో తలుపు వేసుకుని, తనకు నచ్చినట్టు కూర్చుని, తన కోసమే తీయించుకునే ఫోటో అది. ఇంగ్లీషు పత్రికల్లో దీన్ని 'బుద్వార్' ఫోటో అంటారు. ఆ మాట వినగానే మనవాళ్ళు మొహం చిట్లిస్తారు గనుక దాని పుట్టుక ఒకసారి చూద్దాం.

అది ఫ్రెంచి మాట. 'బుదే' అంటే మూతి ముడుచుకోవడం, అలగడం. పదునెనిమిదో శతాబ్దంలో ఫ్రాన్సులో కలిగిన ఇంటి స్త్రీ ఒంటరిగా కూర్చునే గదికి ఆ పేరు వచ్చింది. అంటే అక్షరాలా అలకిల్లు. ఇందులో మనకు కొత్తేముంది? కైక వెళ్ళి పడుకున్నది కోపగృహంలో. నంది తిమ్మన సత్యభామ పారిజాతం పువ్వు కబురు విని వెళ్ళిందీ అక్కడికే. అలగడానికైనా, అద్దం చూసుకోవడానికైనా ఆడదానికి ఒక గది ఉండాలన్న సంగతి మన కవులకు తెలుసు. కాకపోతే ఆ గది రాణులకే ఇచ్చారు.

మన పేటల్లో ఆ గది ఎక్కడిది? నల్లగొండ, కరీంనగర్, వరంగల్ వైపు నుండి మన పద్మశాలీలు మగ్గాన్ని నమ్ముకుని షోలాపూర్ వచ్చారు. బొంబాయి రైలు 1860లో ఇక్కడికి చేరింది. 1870లలో జూనీ గిర్నీ మొదలైంది. గిర్నీలో చేరినవాళ్ళు చేరగా తక్కినవాళ్ళు ఇంట్లోనే మగ్గం వేసుకున్నారు. సాఖర్ పేఠ్, భవానీ పేఠ్ పాత ఇళ్ళు చూసినవాళ్ళకు తెలుసు, ముందు మగ్గం, వెనక పొయ్యి, మధ్యలో మనుషులు. చేమగ్గం పోయి పవర్‌లూమ్ వచ్చాక చోటు ఇంకా తగ్గి, చప్పుడు పెరిగింది. చాదర్లు, టవళ్ళు నేసే మగ్గానికి ఇంట్లో ఉన్నంత స్థలం ఆ ఇంటి కోడలికి లేదు. కండెలు చుట్టినా, చాట ఒళ్ళో పెట్టుకుని బీడీలు చుట్టినా గడప దగ్గరే, నలుగురి కళ్ళ ముందే. చీర మార్చుకోవాలంటే ఇంకొకరు దుప్పటి అడ్డం పట్టాలి. ఇలాంటి ఇంట్లో స్త్రీకి దొరికిన మొదటి 'గది' ఫోటో స్టూడియోలో పరదా వెనకున్న జాగా అని నేనంటే అతిశయోక్తి అనుకోకండి. తల దువ్వుకోవడానికి అక్కడొక దువ్వెన, పౌడరు డబ్బా, నిలువుటద్దం ఉండేవి. తనను తాను తల నుండి పాదం దాకా ఒక్కసారిగా చూసుకున్నది అక్కడేనని మా పెద్దవాళ్ళు చాలామంది చెప్పారు.

గది లేనివాళ్ళ సంగతి ఇది. గదులు ఎక్కువై వాటిలోంచి బయటికి రాలేని స్త్రీల సంగతి ఇంకొకటి ఉంది. అది మన పూర్వులు వదిలి వచ్చిన నిజాం రాజ్యంలోనే జరిగింది.

లాలా దీన్ దయాళ్ పేరు హైదరాబాదు చరిత్ర చదివిన వాళ్ళందరికీ తెలిసిందే. 1844లో మీరట్ దగ్గర సర్ధానాలో పుట్టాడు. రూర్కీలో ఇంజనీరింగు చదివి, ఇందోరులో పబ్లిక్ వర్క్స్ శాఖలో నౌకరీ చేస్తూ కెమెరా పట్టాడు. 1880ల మధ్యలో హైదరాబాదు చేరి ఆరవ నిజాం మహబూబ్ అలీ ఖాన్ ఆస్థాన ఫోటోగ్రాఫరయ్యాడు. నిజాం ఆయనకు ముసవ్విర్ జంగ్ అని బిరుదిచ్చాడు. వేటలు, విందులు, కోటలు, నవాబుల దర్జా, అన్నీ ఆయన గాజు పలకల మీదికి ఎక్కాయి. ఎక్కనిది జనానా. అమీరుల ఇళ్ళల్లో సగం మంది మనుషులు ఆయన కెమెరాకు కనబడరు. దానికి ఆయన కనిపెట్టిన ఉపాయం 1892లో హైదరాబాదులో తెరిచిన జనానా స్టూడియో. చుట్టూ ఎత్తయిన గోడలు, లోపల మగవాడికి ప్రవేశం లేదు. కెమెరా వెనక మిసెస్ కెన్నీ-లెవిక్ అనే ఆంగ్లేయ స్త్రీ నిలబడేది.

ఈ ఏర్పాటులో ఉన్న తర్కాన్ని కాస్త ఆగి చూడాలి. ఆ ఇళ్ళవాళ్ళకు కెమెరాతో పేచీ లేదు. కెమెరా వెనకున్న కంటితోనే పేచీ. కన్ను స్త్రీదైతే ముసుగు తీయవచ్చు. ఇదే పని అంతకు ముందు ఇంకో విధంగా జరిగింది. జయపురం మహారాజు సవాయి రామ్ సింగ్ (ఆయన 1880లో పోయాడు) ఫోటోగ్రఫీ పిచ్చి ఉన్నవాడు. తన జనానాలోని స్త్రీలను తనే కుర్చీల్లో కూర్చోబెట్టి, తివాచీ పరిచి, వెనక రంగుల పరదా కట్టి తీశాడు. ఆ గాజు నెగిటివ్‌లు ఇప్పటికీ జయపురం సిటీ ప్యాలెస్‌లో ఉన్నాయి. అక్కడ తీసినవాడు ఆ స్త్రీల యజమాని; కాదనే వీలు వాళ్ళకు ఎంత ఉందో మనం ఊహించుకోవచ్చు. హైదరాబాదులో తీసిన మనిషి డబ్బు తీసుకుని పనిచేసే పరాయి స్త్రీ. ఈ రెండింటి మధ్య తేడా చిన్నది కాదని నా ఉద్దేశం. తరువాతి కాలంలో కలకత్తాలో అన్నపూర్ణా దత్త (1894–1976) ఇంటింటికీ వెళ్ళి ఇదే పని చేసింది. పరదా పాటించే ఇళ్ళు ఆమెను లోపలికి పిలిచాయి. స్టూడియోకు గోడలు కట్టే బదులు ఫోటోగ్రాఫరే గడప దాటి లోపలికి వచ్చింది. నేను చేసేదీ అదే.

అయితే ఈ పనిలో ఉన్నదాన్ని గనుక నాకొక అనుమానం ఎప్పుడూ ఉంటుంది. ఫోటో తీసే కన్ను ఒక్కటేనా? గాజు పలక కెమెరాలోంచి బయటికి వచ్చాక కడిగేవాడొకడు, నెగిటివ్ మీద సన్నటి పెన్సిలుతో ముఖానికి టచింగ్ చేసేవాడొకడు, ప్రింటు వేసేవాడొకడు, అట్ట మీద అంటించేవాడొకడు. తీసే గదికి గోడ కట్టినట్టు కడిగే గదికీ కట్టితేనే జనానా జనానా అవుతుంది. ఫిల్ము కాలంలో నాకు ఈ చిక్కు బాగా అనుభవమే. రంగు ఫిల్ము లాబ్‌కు వెళ్ళాలి. లాబ్‌లో యంత్రం దగ్గర ఎవరు కూర్చుంటారో తెలియదు. అందుకని లోపలి గది ఫోటోలు చాలాకాలం నలుపు తెలుపులోనే తీసి, వంటింటి కిటికీకి గోనెపట్టా కట్టి నేనే కడుక్కున్నాను. "అదేందక్కా, గీ కాలంల గూడ నల్లది తెల్లదేనా?" అని ఒక పిల్ల నవ్వింది. కారణం చెప్పాక నవ్వలేదు.

కడగడం అయ్యాక నెగిటివ్ మిగులుతుంది. అసలు చరిత్ర ఇక్కడే ఉంది. ప్రింటు ఇంటికి పోతుంది, నెగిటివ్ స్టూడియోలో ఉండిపోతుంది. కవరు మీద నంబరు, పేరు, తారీకు. దీన్ దయాళ్ 1905లో పోయాడు. ఆయన గాజు నెగిటివ్‌లు 2,800కు పైగా 1989లో ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రానికి చేరాయి. చరిత్రకు అది అదృష్టం. కాని గాజు మనిషికంటే, మనిషి ఇచ్చిన మాటకంటే ఎక్కువ కాలం బతుకుతుందన్న సంగతి కూడా అందులో ఉంది.

దీనికి అమెరికాలో ఒక ఉదాహరణ ఉంది. న్యూ ఆర్లియన్స్ నగరంలో స్టోరీవిల్ అని వేశ్యావాటిక ఉండేది. ఇ.జె. బెల్లాక్ అనే ఫోటోగ్రాఫరు 1912 ప్రాంతంలో అక్కడి స్త్రీలను వాళ్ళ గదుల్లోనే తీశాడు. కొందరు పూర్తి దుస్తుల్లో, కొందరు లేకుండా, కొందరు కుక్కపిల్లతో ఆడుకుంటూ. వాళ్ళ ముఖాల్లో బెరుకు లేదు, ఎరిగిన మనిషి ముందు కూర్చున్నట్టు ఉంటారు. 1949లో అతను చనిపోయాక పలకలు చేతులు మారి, లీ ఫ్రీడ్‌లాండర్ అనే మరో ఫోటోగ్రాఫరు కొని ప్రింట్లు వేశాడు. 1970లో న్యూయార్కు ఆధునిక కళా మ్యూజియంలో ప్రదర్శించారు. కొన్ని పలకల మీద స్త్రీల ముఖాలు గీకేసి ఉన్నాయి. ఎవరు గీకారన్న దాని మీద పండితులకు వాదాలు ఉన్నాయి. నాకు మాత్రం ఆ ఫోటోలు చూసినప్పుడల్లా గీకని ముఖాల వాళ్ళే గుర్తుకొస్తారు. వాళ్ళు మ్యూజియం గోడకు ఒప్పుకోలేదు గదా.

అంత దూరం పోనక్కరలేదు. నేను పని నేర్చుకున్న స్టూడియో పేరు చెప్పను. దాని ముందు గాజు అలమారా ఉండేది. ఒక నేతగాని బిడ్డ పెళ్ళిచూపులకని తీయించుకున్న ఫోటో, బాగా వచ్చిందని, పెద్దది చేసి అందులో పెట్టారు. అడగలేదు. ఆ పిల్ల తమ్ముడికి గిర్నీ గేటు దగ్గర ఎవరో చెప్పారు. వాడు వచ్చి అద్దం పగలగొట్టాడు. తరువాత ఆ సంబంధం తప్పిపోయింది. యజమాని బాధంతా అద్దం ఖరీదు గురించే. నెగిటివ్ ఇమ్మని ఆ పిల్ల తల్లి రెండుసార్లు వచ్చింది. "నెగిటివ్ మాది, ప్రింటు మీది" అని పంపించారు.

చట్టం ఆ మాట ఒప్పుకోదు. 1957 కాపీరైటు చట్టం 17వ సెక్షన్ ప్రకారం, వేరే ఒప్పందం లేకపోతే, డబ్బిచ్చి కోరి తీయించుకున్న ఫోటో మీద మొదటి హక్కు తీయించుకున్న వారిదే. ఫిల్ము ముక్క స్టూడియో సొరుగులో ఉన్నా దాన్ని అచ్చువేసే హక్కు దానితో రాదు. ఎంత మంచి మాట! కాని జాగ్రత్తగా చదివితే అందులో ఒక మెలిక ఉంది. చట్టం చూసేది కోరినవారిని, డబ్బిచ్చినవారిని. ఫోటోలో ఉన్నవారిని కాదు. భార్య ఫోటోకు భర్త కోరి డబ్బిస్తే మొదటి హక్కు భర్తది. ఇది చదివిన నాటి నుండి నేను ఒక నియమం పెట్టుకున్నాను. లోపలి గది ఫోటోకు డబ్బు ఆ స్త్రీ చేతి నుండే తీసుకుంటాను, రసీదు ఆమె పేరునే రాస్తాను. బీడీల పైసలైనా సరే, నాలుగు వాయిదాలైనా సరే. ఒక భర్త "నేనిస్తుంటే తీసుకోవేంది?" అని కోపగించుకుని వెళ్ళిపోయాడు. ఆయన భార్య మూడు నెలల తరువాత తనే వచ్చింది.

2013లో శిక్షాస్మృతికి చేర్చిన 354సి సెక్షన్, 2024 జూలై నుండి భారతీయ న్యాయ సంహితలో 77వ సెక్షన్, ఇంకో వైపు నుండి కాపు కాస్తుంది. ఏకాంతంలో తీసిన అలాంటి చిత్రానికి స్త్రీ ఒప్పుకున్నా, పంచడానికి ఒప్పుకోకపోతే పంచడం నేరం. అక్కడ డబ్బు ఎవరిచ్చారన్న ప్రశ్న లేదు. డిజిటల్ వచ్చాక కడిగేవాడి బెడద పోయింది, పంచేవాడి బెడద వచ్చింది. కార్డులోంచి తుడిచేసినవి కూడా తిరిగి రాబట్టవచ్చని తెలుసు గనుక నేను కార్డునే ఇచ్చేస్తాను. కార్డు ధర కూలిలో కలిపి ఉంటుంది.

ఇంతకూ మన స్త్రీలు ఏం తీయించుకుంటారు? పత్రికల్లో చూసే పట్టుపరుపులూ పల్చని బట్టలూ ఊహించేవాళ్ళకు నిరాశే. పంతొమ్మిదో శతాబ్దంలో పారిస్‌లో కాస్తిగ్లియోనె కౌంటెస్ అనే ఆవిడ పియెర్సన్ స్టూడియోలో నాలుగు వందలకు పైగా ఫోటోలు తీయించుకుంది. ఏ బట్ట, ఏ భంగిమ, ఏ కోణం, అన్నీ తనే నిర్ణయించేది. మన పేటలో ఎవరికీ నాలుగు వందలు అక్కరలేదు. ఒక్కటి చాలు. కాని నిర్ణయం విషయంలో ఆవిడకు తీసిపోరు.

ఎందుకో చెప్పాలంటే బీడీ కార్డు సంగతి చెప్పాలి. 1976 బీడీ కార్మికుల సంక్షేమ నిధి చట్టం కింద దవాఖానాకైనా, పిల్లల స్కాలర్‌షిప్పుకైనా గుర్తింపు కార్డు కావాలి, దానికి ఫోటో కావాలి. 1993 తరువాత ఓటరు కార్డు వచ్చింది. మన పేటల్లో ఎంతోమంది స్త్రీలు ఒంటరిగా తీయించుకున్న మొదటి ఫోటో అదే. బిగుసుకున్న ముఖం, చెవులు కనిపించేలా కొంగు వెనక్కి. వాళ్ళు పోయాక ఇంట్లోవాళ్ళు ఆ గోరంత ఫోటోనే పట్టుకుని వస్తారు. దాన్నే పెద్దది చేసి, బొట్టు దిద్ది, దండ వేసి గోడకు పెడతారు. ఇలాంటివి నేనే ఎన్నో చేసి ఇచ్చాను.

అరవై దాటిన ఒక బీడీ కార్మికురాలు నాతో చెప్పింది: "బిడ్డా, కార్డు మీద ఫోటో సూస్తే పోలీసోళ్ళు పట్కపోయినట్లుంటది. నేను సచ్చినంక గదే గోడకు పెడ్తరు. గది వద్దు." ఏం కావాలి పెద్దవ్వా అంటే జుట్టు విప్పి మంచం మీద కాళ్ళు చాపుకుని కూర్చుంటానంది. చేతులు ఎక్కడ పెట్టాలో తెలియక తికమకపడింది. నలభై ఏళ్ళు చాట వదలని చేతులు. చివరికి జుట్టులోనే పెట్టుకుంది. ప్రింటు చూసి, కొడుకుకు చూపెట్టనని, బియ్యం డబ్బాలో దాస్తానని చెప్పింది. గోడకెక్కాలో వద్దో తరువాత సంగతి అంది.

2006లో కుంభారి దగ్గర బీడీ కార్మికులకు కామ్రేడ్ గోదూతాయి పరులేకర్ పేరిట 10,000 ఇళ్ళ కాలనీ ఏర్పడింది. 2024 జనవరిలో రే నగర్‌లో మరో 15,000 ఇళ్ళు అప్పగించారు. నర్సయ్య ఆడం మాస్టారు, ఆయన వెంట వేలమంది స్త్రీలు ఏళ్ళ తరబడి తిరిగి సాధించుకున్నవి. చిన్న ఇళ్ళే, కాని లోపలి గదికి వేరే తలుపు, తలుపుకు గడియ ఉన్నాయి. ఇప్పుడు నాకు వచ్చే పిలుపుల్లో సగం అటువైపు నుండే. పొద్దున తొమ్మిదికి ముందే రమ్మంటారు. ఆ తరువాత బీడీలు అప్పజెప్పడానికి కార్ఖానాకు పోవాలి.